ఛాతీ ఎత్తు గీత

ఆయన ఫోటో ఒకటి కావాలని ఆయన బామ్మర్ది నా గదికి వచ్చాడు. బూర్గంపాడు బస్టాండు ఎదుట కట్టే ఫ్లెక్సీకి. పెద్దకర్మ దగ్గర పడుతోంది, ఇల్లంతా వెతికితే పెళ్లినాటి ఫోటో ఒకటి దొరికిందట. అందులో మీసం కూడా సరిగా రాని కుర్రవాడున్నాడు. "గది పెడితే ఎవలో అనుకుంటరన్నా. ఊరోళ్లందరియి తీసిండు గని ఆయనది తీసినోడు లేడు," అన్నాడు.

నా దగ్గర ఒకటి ఉందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఎందుకు ఉందో కూడా తెలుసు. అందుకే బామ్మర్ది నా మొహం చూడకుండా కీబోర్డు వంక చూస్తూ అడిగాడు.

చనిపోయిన పెద్దమనిషిని ‘ఆయన’ అనాలి కాబట్టి అంటున్నాను. అంతకు మించిన మర్యాద నా దగ్గర లేదు. మనిషి పోయాక పాతవన్నీ చెరిపేసుకోవాలని మా ఇంట్లో వాళ్లు ఫోనులో చెప్పారు. చెరిపేసినది అంత తేలిగ్గా చెరగదని తెలిసిన పని నాది.

మాది మధిర. చదువయ్యాక బూర్గంపాడులో గది కిరాయికి తీసుకుని, చుట్టుపక్కల చిన్న దుకాణాల కంప్యూటర్లు చూసుకునే పని పెట్టుకున్నాను. మందుల షాపుల బిల్లింగు, ఎరువుల షాపుల స్టాకు, సీసీ కెమెరాలు, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాకప్. గోదావరి పక్కన బతికే దుకాణానికి నేను ప్రతిచోటా ఒకే వరుసలో చెప్తాను. ఒక ఫైలుకు మూడు కాపీలు ఉండాలి. అవి రెండు వేర్వేరు వస్తువుల మీద ఉండాలి. ఒకటి నీళ్లు రాని మరో ఊళ్లో ఉండాలి, ఆ మరో ఊరే క్లౌడ్. చివరిది అందరూ మరిచిపోయేది: వరద వచ్చిన రోజు ఏదీ పైకి ఎక్కించలేం. అప్పటికి కరెంటూ పోతుంది, టవరూ పోతుంది. ఎండ కాసేటప్పుడే ఎక్కించుకోవాలి.

ఆయనది ఫోటో స్టూడియో. బజారు మలుపు దాటాక వెనక సందులో, రోడ్డు మీంచి మెట్లు దిగి వెళ్లాల్సిన మడిగె. లోపలికి వెళితే మొదట కనిపించేది ఆయన కాదు, ఆయన వేలు. కెమెరా కుడిచేతిలో పట్టుకుని, ఎడమచేతి చూపుడువేలు చెవి పక్కన నిలబెట్టి, "నా మొహమేం జూస్తవ్, నా ఏలు జూడు," అనేవాడు. ఎంత పెద్దవాళ్లనైనా అంతే. అందుకే మా చుట్టుపక్కల స్కూలు కార్డుల మీద, బ్యాంకు పుస్తకాల మీద, పోడు పట్టాల మీద ఎవరి ఫోటో చూసినా ఆ మనిషి మనల్ని చూడడు. కొంచెం పక్కకు, ఎవరో పిలిచినట్టు చూస్తుంటాడు. ఎక్కడో ఆఫీసుల్లో బీరువాల నిండా ఉన్న ఆ జనమంతా చూస్తున్నది ఆయన వేలినే.

మాట్లాడేటప్పుడు ఆయన ఎదుటి మనిషిని చూడడు. కళ్లు తెర మీదే. ఎవరైనా మౌసు ముట్టుకుంటే, వాళ్లు ఇంకా అక్కడ ఉండగానే జేబురుమాలు తీసి దాన్ని తుడిచేవాడు. నేను ముట్టుకున్నప్పుడు రెండుసార్లు తుడిచాడు. కస్టమర్లు కూర్చునే బెంచీని కౌంటరుకు దూరంగా, గోడ వారగా వేశాడు. అక్కడినుంచి తెర సగమే కనిపిస్తుంది. అది ఆయన కావాలనే చేసిన ఏర్పాటు. పెళ్లి ఫోటోల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులో ఇమ్మని అడిగిన ఒక పెళ్లికొడుకు తండ్రితో నా ఎదుటే అన్నాడు, "మొహం నీది. ఫోటో నాది." ఈ మాట ఆయన ఎంతమందితో అన్నాడో తెలియదు. నేను విన్నప్పుడల్లా అదే గొంతు, అదే చప్పరింపు.

పనితనం మాత్రం ఉంది. లేదంటే అబద్ధమవుతుంది. మిగతా స్టూడియోల వాళ్లు గూడేల నుంచి వచ్చినవాళ్ల మొహాలకు కంప్యూటర్లో సున్నం కొట్టినట్టు తెల్లరంగు పులిమేవాళ్లు. ఈయన పులమడు. లైటు పక్కనుంచి పెట్టి, నల్లటి చెంప మీద వెలుగు ఎక్కడ ఆగాలో అక్కడ ఆపేవాడు. అందుకే ములకలపల్లి అడవి అంచుల నుంచి కూడా జనం బస్సులు మారి ఆయన దగ్గరకే వచ్చేవాళ్లు. వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఆయన వాళ్లను కూర్చోబెట్టేవాడు.

ఇప్పుడు గీత సంగతి.

వెనకటి పెద్ద వరదప్పుడు ఆయన మడిగె మెయిన్‌రోడ్డు మీద ఉండేది. ఆ నీళ్లలో నిలబడితే ఆయనకు సరిగ్గా ఛాతీ దాకా వచ్చాయట. నీళ్లు పోయాక గోడ మీద ఎర్ర పెయింటుతో గీత గీసి, దానికి జానెడు పైన సజ్జ కట్టించి, హార్డ్‌డిస్కులన్నీ దాని మీద పెట్టుకున్నాడు. ఈ ఊళ్లో వింతేమీ కాదు. సగం ఇళ్లలో అలాంటి గీతలున్నాయి. తరువాత వెనక సందులోకి మారాడు. మారిన రోజే చెప్పులు విప్పి, కొత్త గోడకు వీపు ఆనించి నిలబడి, తన ఛాతీ దగ్గర గీత గీయించాడు. దానికి జానెడు పైన మళ్లీ సజ్జ.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గీత చూసి అడిగాను. ఛాతీ మీద అరచేత్తో కొట్టుకుని చూపించాడు. "గోదారి నాకు గీడిదాక వచ్చింది. గింతకు మించి రాదు."

"అది ఆ మడిగెలో కదా అన్నా. అది రోడ్డు మీద ఉంది, ఇది మెట్లు దిగితే ఉంది. అక్కడ ఛాతీ దాకా వచ్చిన నీళ్లకు ఇక్కడ తల మునిగిపోద్దిగా."

"మునిగిపోద్దిగా," అని నా యాసను నాకే తిరిగి చెప్పాడు. "మధిరల ఏమున్నదయ్యా, రైలు పట్టాలు. రైలు సంగతి జెప్పు, ఇంట. గోదారి సంగతి నాకు జెప్పకు."

మెట్లు ఎన్ని అంగుళాలో, రోడ్డుకూ లోపలి నేలకూ తేడా ఎంతో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, దాని మీద పాస్‌పోర్టు ఫోటోలు ఎండబెట్టుకున్నాడు.

క్లౌడ్ అన్న మాట వినగానే మబ్బుల మీద జోకు వేయని దుకాణదారుడు నాకింకా తగల్లేదు. ఆయన ఒక్కడే వేయలేదు. తెర మీంచి కళ్లు తీయకుండా, "ఆడ తాళం ఎవని దగ్గరుంటది?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఎవరూ అడగనిది. తాళం మీ దగ్గరే ఉంటుంది, పాస్‌వర్డు మీరే పెట్టుకోండి, నాకు కూడా చెప్పొద్దు అన్నాను. ఆ జవాబు నచ్చినట్టే ఒప్పుకున్నాడు. ఖాతా తెరిచి, హార్డ్‌డిస్కుల్లో ఉన్నవన్నీ వాటంతట అవే పైకి ఎక్కేలా అమర్చాను. ముందు ఒక ఫైలు ఎక్కించి, సరిగా వెళ్తోందా అని చూడటం నా పద్ధతి. చేతిలో ఫోను ఉంది, ఎదురుగా ఆయన ఉన్నాడు. ఫోటో తీయబోతే వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. అప్పటికే నొక్కేశాను. చెయ్యెత్తిన ఫోటోనే మొదట ఎక్కింది. "సక్కగ పోయింది," అని రుమాలుతో మౌసు తుడుచుకున్నాడు. మిగతావి రాత్రింబగళ్లు వాటంతట అవే ఎక్కుతాయి, కంప్యూటరు ఆపొద్దు అని చెప్పి వచ్చేశాను.

ఆ రోజుల్లోనే ముత్తమ్మను చూశాను. ములకలపల్లి వైపు గూడెం ఆమెది. అడవిలో ఏ కాలానికి ఏది దొరికితే అది మూట కట్టుకుని బూర్గంపాడు సంతకు వచ్చేది. ఆమె కూతురు ఇక్కడి హాస్టల్లో చదువుతూ జ్వరంతో చనిపోయింది. ఆ పిల్లకు జన్మలో తీసిన ఫోటో ఒక్కటే, హాస్టల్లో చేరినప్పుడు ఈయన తీసింది. ఫోటో ఉన్న కార్డు దవాఖానాలో ఎక్కడో పోయింది. హాస్టల్ వాళ్ల దగ్గరున్న జిరాక్సులో మొహం ఉండాల్సిన చోట నల్లమచ్చ ఉంది. ఇక మిగిలింది ఈయన హార్డ్‌డిస్కు. గోడకు పెట్టుకునేంత ఫోటో ఒకటి చేసిమ్మని ఆమె సంతసంతకూ వచ్చి బెంచీ మీద కూర్చునేది.

పైసల పేచీ కాదు. ఆమె ఎంతంటే అంత ఇస్తానంది. ఆయనకు తీరిక లేదు, పెళ్లిళ్లున్నాయి, ఆల్బములున్నాయి. "ఏందే, మళ్లొచ్చినవ్," అనేవాడు. అంతే. ఆమె సంచి సర్దుకుని వెళ్లిపోయేది.

ఒక సంతరోజు నేను ప్రింటరు బాగుచేస్తుండగా వచ్చింది. ఏమనుకున్నాడో, ఆ రోజు డిస్కు తగిలించి ఫోటో తెరిచాడు. తెర నిండా పిల్ల మొహం. నేను కౌంటరు లోపల ఉన్నాను కాబట్టి పక్కనుంచే చూశాను. ఆయన తెరను కొంచెం, చాలా కొంచెం, బెంచీ వైపు తిప్పాడు. ముత్తమ్మ లేచి రెండడుగులు వేసింది. ఆమె కౌంటరు దాకా రాకముందే ఫోటో మూసేశాడు.

"ఉన్నది. జూసినవ్ గద. అచ్చే సంతకు రా, దండ డిజైను బెట్టి మంచిగ జేసిస్త."

నేను ఊరుకోలేదు. "ఇప్పుడే ఒక ప్రింటు తీసిచ్చేస్తే అయిపోద్దిగా అన్నా. ప్రింటరు ఎటూ పరీక్షించాలి. లేదంటే వీళ్ల ఇంట్లో ఎవరి ఫోనుకైనా పంపించండి."

"ఫోన్ల వడ్డదంటే ఫోటో ఎవడు కొంటడు? దుకాణం మూసుకొని నీ తీరు తిరుగుమంటవా?" ప్రింటరును ఆయన పాత కాగితం మీద, తన ఇష్టం వచ్చిన ఒక పెళ్లి ఫోటోతో పరీక్షించాడు. అదీ నాకు చూపించడానికే. ముత్తమ్మ "అవ్ సారూ, అచ్చే సంతకొస్త," అని వెళ్లింది. ఆమె మొహంలో కోపం వెతికాను. కూతుర్ని చూసిన సంతోషమే ఉంది.

వచ్చే సంత జరగలేదు. పైన వానలు పడి గోదావరి లేచింది. మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక ఆటోకు మైకు కట్టి ఊరు ఖాళీ చేయమని తిరిగారు. నా పని తేలిగ్గానే అయింది. మందుల షాపు, ఎరువుల షాపు ముందే క్లౌడ్‌లో ఉన్నాయి. ఎరువుల షాపాయన తర్వాత పునరావాస శిబిరంలో కూర్చుని, ఫోనులో తన స్టాకంతా తెరిచి పక్కవాళ్లకు చూపించాడు.

స్టూడియో దగ్గర ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. కెమెరాలు, లైట్లు, ప్రింటరు, తెరగుడ్డలు, చివరికి ఆ బెంచీని కూడా ఎక్కిస్తున్నారు. హార్డ్‌డిస్కులు సజ్జ మీదే ఉన్నాయి. నేను బ్యాగు తీసుకుని వెళ్లాను. క్లౌడ్‌లోకి అన్నీ ఎక్కాయో లేదో తాళం నా దగ్గర లేదు కాబట్టి నాకు తెలియదు, ఈ డిస్కులు బ్యాగులో పట్టేవే, శిబిరం పెట్టిన సారపాక దాకా నేనే మోస్తాను అన్నాను.

"ట్రాలీల కుదుపులకు ఖరాబైతయ్. గీడ్నే ఉంటయ్."

"బ్యాగులో ఒళ్లో పెట్టుకుంటానన్నా."

"నా ఫోటోలు నీ ఒళ్లెందుకు?" అన్నాడు. తర్వాత గోడ దగ్గరకు వెళ్లి, మనుషులంతా చూస్తుండగా ఎర్ర గీతకు వీపు ఆనించి నిలబడ్డాడు. "జూడు. గింతే. నా ఛాతీ దాటదు." ట్రాక్టరు దగ్గరున్నవాళ్లు నవ్వారు. షట్టరు దింపి తాళం వేసి, తాళాన్ని గుంజి చూసుకుని వెళ్లాడు.

నీళ్లు గోదావరి వైపునుంచి రాలేదు. కిన్నెరసాని వాగు గోదావరిలోకి పోలేక వెనక్కి తన్ని, ఆ సందులోంచే ఊళ్లోకి వచ్చింది. నీళ్లు తీశాక షట్టరు లేపితే ఒండ్రు మరక సీలింగు ఫ్యాను కిందిదాకా ఉంది. ఎర్ర గీత ఎక్కడో కింద, బురద కడిగాక కనిపించింది.

తడిసిన డిస్కును కడగొద్దు, ఎండబెట్టొద్దు, కరెంటు అస్సలు ఇవ్వొద్దు, హైదరాబాదులో వాటిని తెరిచి చూసేవాళ్లున్నారు అని ఫోను చేసి చెప్పాను. నేను వెళ్లేసరికి కుళాయి కింద కడిగి, పిట్టగోడ మీద వడియాల్లా పరిచి ఉన్నాయి. ఎండాక ఒక్కొక్కటే కరెంటుకు తగిలించాడు. ఒక్కొక్కటే మాడిపోయింది.

జనం అడగడం మొదలుపెట్టారు. అప్పుడు ఆయన నోట ఆ మాట వచ్చింది. "ఫికర్ జెయ్యకుండ్రి. అన్నీ క్లౌడ్‌ల ఉన్నయ్. ఇంజనీరు వెట్టిండు." ఊరంతా నా గదికి దారి పట్టింది.

సంత మళ్లీ మొదలైన రోజు ముత్తమ్మ వచ్చి నా గది గడప మీద కూర్చుంది. ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. ఆయనను పిలిపించాను, తాళం ఆయన దగ్గరే కాబట్టి. వచ్చాడు. నా కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డు కొట్టాడు. ఖాతా తెరుచుకుంది.

అందులో ఒకే ఒక ఫోటో ఉంది. చెయ్యి ఎత్తిన ఆయన.

ఖాతాలో ఎప్పుడేం జరిగిందో రాసి ఉండే చరిత్ర పేజీ తెరిచి చూపించాను. నేను అమర్చి బయటికొచ్చిన కాసేపటికే, స్టూడియో కంప్యూటరు నుంచే, ఫైళ్లు ఎక్కడం ఆపేసినట్టు అక్కడ రాసి ఉంది. తేదీ ఉంది, గంట ఉంది, కంప్యూటరు పేరుంది. ఆయన చదివాడు. చదవడం నేను చూశాను.

"నువ్వే దీసేసినవ్," అన్నాడు.

"తాళం మీ దగ్గరుంది కదన్నా. ఇక్కడ రాసుంది, మీ కంప్యూటరు నుంచే ఆపారు."

"గది నీ మెషిను. నీ మెషిను నీ మాటే జెప్తది." జనం వైపు తిరిగాడు. మనుషుల మొహాలు చూస్తూ ఆయన మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "మధిర పిలగాడు. నిన్నగాక మొన్న వచ్చిండు. గా పిలగాని మాట ఇంటరా, నా మాట ఇంటరా?"

ముత్తమ్మ గడప మీంచి లేచి తెర దగ్గరకు వచ్చింది. ఈసారి ఎవరూ మూయలేదు. ఆమె ఆ ఫోటో వెనక ఇంకేమైనా ఉందేమోనన్నట్టు వంగి చూసింది.

"గీయన ఒక్కడేనా బాబూ? మా పిల్ల లేదా?"

ఆయన రుమాలు తీసి నా మౌసు తుడిచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. బజార్లో కొందరు ఆయన మాట నమ్మారు. రెండు దుకాణాలు నన్ను రావద్దన్నాయి. ఆయన కొత్త డిస్కులు కొన్నాడు, మళ్లీ ఫోటోలు తీశాడు, మళ్లీ వేలు నిలబెట్టాడు. గోడకు రంగు వేయించినప్పుడు ఎర్ర గీత పోయింది. దానికి పైన ఎక్కడా కొత్త గీత గీయించలేదు. నేను ఎదురైతే చొక్కా గుండీ సర్దుకుంటూ పక్కకు చూసేవాడు. ఎందుకు ఆపేశాడో ఏనాడూ చెప్పలేదు. నెట్ నిదానమైందనో, ఫోటోలు ఎవడో చూస్తాడనో నేనే ఊహించుకున్నాను. ఈమధ్య ఒకరోజు ఛాతీలో నొప్పి అన్నాడట, కొత్తగూడెం దవాఖానా చేరకముందే పోయాడు. చావుకు నేను వెళ్లలేదు.

బామ్మర్దికి ఫోటో ఇచ్చాను. ఇవ్వకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ సరైనవే. కానీ ఉన్న ఫోటో దాచుకుని మనిషిని తిప్పుకోవడం ఎలా ఉంటుందో నేను చూసి ఉన్నాను. అందుకని అతను నిలబడి ఉండగానే, కూర్చోమనకుండానే, ఫోనుకు పంపేశాను.

ఫ్లెక్సీ బస్టాండు ఎదుట లేచింది. చుట్టూ పూలు, మూలల్లో దీపాలు. డిజైను చేసినవాడు ఆ చేతిని అలాగే ఉంచేశాడు. తెలియనివాళ్లకు ఆయన దారినపోయే అందరినీ ఆశీర్వదిస్తున్నట్టు ఉంటుంది.

మొన్న సంతరోజు ముత్తమ్మ దాని కిందే మూట పెట్టుకుని బస్సు కోసం కూర్చుని ఉంది. నన్ను చూసి పిలిచింది. నిలబడ్డాను. ఆమె తల ఎత్తి ఫ్లెక్సీ చూసింది.

"చెయ్యెందుకు లేపిండు బాబూ?"

"ఫోటో తీయొద్దంటున్నాడమ్మా."

"అయినా నువ్వు దీసినవ్," అంది. తప్పుపట్టినట్టు లేదు. ఫ్లెక్సీ మీంచి చూపు దించి అంది, "ఆ దినం మా పిల్లను నువ్వు గూడ జూసినవ్ గద. దగ్గర్నుంచి జూసినవ్. నాకు మొహం కనవడ్డది గని దాని కండ్లు ఆనలే. ఎట్లున్నదో జెప్పు."

నాకు అన్నీ గుర్తున్నాయి. ఒక్కొక్కటే చెప్పాను. వెనక నీలంరంగు తెర. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఎడమవైపుది కొంచెం జారింది. మెడ దగ్గర గుండీ లేదు, పిన్నీసు పెట్టి ఉంది. పిన్నీసు అనగానే ఆమె, "అవ్, నేనే వెట్టిన," అంది. కింది పెదవి పళ్లతో పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. చెంప మీద వెలుగు బాగా పడింది.

"ఎటు జూస్తున్నది?"

ఎటు చూస్తోందో నాకు తెలుసు. ఆ మడిగెలో ఫోటో దిగిన ప్రతి మనిషీ ఎటు చూశాడో అటే.

"నీ వైపేనమ్మా," అన్నాను. "తిన్నగా నిన్నే చూస్తోంది."

ఆమె తల ఊపి, మూట దగ్గరకు లాక్కుని, నాకు కూర్చునే చోటు చేసింది. మా పైన ఆయన చెయ్యెత్తి వద్దంటూనే ఉన్నాడు.